స్టీలు డబ్బాలో ప్లాస్టిక్ ముక్క

వరంగల్ వెళ్లొచ్చానని చెప్పగానే మా ఊళ్లో ఎవరైనా మొదట అడిగేది వేయిస్తంభాల గుడి చూశారా అని. చూడలేదు. నాలుగు రోజుల్లో అటు వెళ్లడానికి తీరిక దొరకలేదు. నేను చూసింది ఒక కళాశాలలో కిటికీలు బిగించిన చల్లని గది, ఆ గదిలో పప్పు ఉడికేంత సేపు పట్టి ఒకే ఒక గీత గీసే కలం. ఆ గీత కోసమే రెండు రైళ్లు మారి వెళ్లాను. తిరిగి వచ్చాక, వెళ్లినందుకు సంతోషించాను.

మాది గోదావరి పక్కన ఒకప్పుడు దివాణం అనిపించుకున్న ఇల్లు. భూములు ఎలా పోయాయో చెప్పుకోవడం నాకు ఇష్టం ఉండదు. ఇల్లూ, ఏనుగుల సాలా, తాతగారి టేకు భోషాణమూ మిగిలాయి. సాలలో ఏనుగులు నాకు ఊహ తెలిసేసరికే లేవు. అందులో అటుకుల మిల్లు పెట్టాను. పదకొండు మంది ఆడవాళ్లు పనిచేస్తారు. అటుకుల్ని పాలిథీన్ సంచుల్లో నింపి, సంచి మీద మా సింహద్వారం బొమ్మ వేసి, 'దివాణం అటుకులు' అన్న పేరుతో అమ్ముతున్నాను. ఇంటి పేరు సంచుల మీదకి ఎక్కించానని బంధువులు ముఖం చిట్లించారు. సరుకు మంచిదైతే పేరు ఎక్కడున్నా నిలబడుతుందని వాళ్లకి చెప్పాను.

మా సరుకులో సగానికి పైగా వరంగల్ వర్తకుడు విశ్వనాథం గారే తీసుకుంటారు. మాఘమాసంలో ఆయన దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. అటుకులు పలచగా, తెల్లగా ఉన్నాయట, కాని 'దవాఖాన వాసన' వస్తోందని కొన్నవాళ్లు వాపసు తెస్తున్నారట. ఇది తేలేదాకా కొత్త సరుకు పంపవద్దని రాశారు.

ఒక సంచి విప్పి వాసన చూశాను. ఏమీ లేదు. మరొకటి విప్పాను. అందులోనూ ఏమీ లేదు. సంచులకి పలచటి ప్లాస్టిక్ ఫిల్ము చుట్టలు పంపే కంపెనీవాళ్లు పాత ప్లాస్టిక్కు కరగబోసి అందులో కలిపి ఉంటారని తీర్మానించుకుని, వాళ్లకి గట్టిగా ఉత్తరం రాశాను. మా ఫిల్ము స్వచ్ఛమైనది, కాదంటే రుజువు చేయండి అని వాళ్లు రెండు వాక్యాల్లో జవాబిచ్చారు. ఆ రెండు వాక్యాలు నాకు నిద్ర పట్టనివ్వలేదు. తమ ఊరి ఇంజనీరింగ్ కాలేజీలో ఒక రసాయనశాస్త్రం మేడం ఉన్నారనీ, కాంతిని పంపి ఏది ఏ ప్లాస్టిక్కో చెప్పే మెషీన్ ఆవిడ దగ్గర ఉందనీ విశ్వనాథం గారు మళ్లీ రాశారు. రుజువు దొరికితే కంపెనీ ఫిల్ము మారుస్తుంది. దొరక్కపోతే వరంగల్ వ్యాపారం పోతుంది. అది పోతే మిల్లు ఆగుతుంది, పదకొండు మంది ఇళ్లకి పోతారు, మా సింహద్వారం బొమ్మ చెడ్డ వాసనకి గుర్తుగా మిగిలిపోతుంది.

ఫిల్ము చుట్టలోంచి అచ్చు పడని ముక్క ఒకటి కోసి, నా భార్య సుభద్ర ఇచ్చిన బిగుతు మూత స్టీలు డబ్బాలో పెట్టాను. "ముందు మనింట్లో చూసుకోవలసిందేమో," అంది ఆవిడ మూత నొక్కుతూ. నేను వినిపించుకోలేదు.

బెజవాడ దాటాక

బెజవాడలో పాసింజరు ఎక్కాను. ఎదుటి బల్ల మీద అరవై ఏళ్ల మనిషి, పక్కన తాడుతో కట్టిన జంపఖానాల కట్ట. పేరు మల్లయ్య. వరంగల్‌లో మగ్గం ఉంది, బెజవాడలో సరుకు ఇచ్చి మిగిలినవి వెనక్కి తీసుకుపోతున్నాడు. తువ్వాలు కోసం నేను నా తోలుపెట్టె తెరిచాను. ఆయన ముక్కు ఎగబీల్చాడు.

"సార్, పెట్టెల పట్టుబట్టలు ఉన్నట్టున్నయ్ గదా?"

పెట్టెలో నిజంగానే నా పట్టు ఉత్తరీయం ఉంది. అడుగున, కనబడకుండా.

"ఎలా కనిపెట్టారు?"

"నలభై ఏండ్ల సంది బట్టలల్లనే బతుకుతాన్న సార్. చూసే పని లేదు, ముక్కే చెప్తది."

పట్టును వాసనతో పోల్చగలిగే పనివాడని నాకు ఆయన మీద ఎంతో గౌరవం కలిగింది. మా తాతగారి జరీ అంగరఖా గురించి, అది ఉన్న భోషాణం గురించి ఖమ్మం వచ్చేదాకా చెప్పాను. ఆయన వేయించిన పల్లీలు నా చేతిలో పోస్తూ శ్రద్ధగా విన్నాడు. మాటల్లో, మా ఊళ్లో పెద్దవాళ్లు నన్ను ఇప్పటికీ చిన్నదొరగారు అంటారని అన్నాను. పల్లీలు పోసే చెయ్యి ఆగింది. ఆయన కాళ్లు బల్ల కిందికి ముడుచుకుని కిటికీ బయటికి చూశాడు.

కొంతసేపటికి తనే అన్నాడు: "మీ దిక్కు ఎట్లుంటదో నాకు తెల్వది సార్. మా దిక్కు ఆ మాట ఇంటె నోట్ల బీడీ జేబుల దాస్తరు, నిప్పుతోని సహా. వరంగల్ల ఆ మాట అనకుండ్రి."

మా ఊళ్లో ఆ పిలుపు పెళ్లిళ్లకీ పేరంటాలకీ పనికొచ్చే పాత ముద్దుపేరు. ఇక్కడ దానికి బరువు వేరని అర్థమైంది. ఆ నాలుగు రోజులూ మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఎత్తకుండా కూడా నడిచిపోయింది.

కేసముద్రం

ఎదుటి బండి కోసం కేసముద్రంలో మా రైలు చాలాసేపు ఆగింది. మార్కెట్ యార్డుకు వచ్చిన సరుకు కాబోలు, ప్లాట్‌ఫారం చివర వడ్ల బస్తాలూ మిర్చి బస్తాలూ పేర్చి ఉన్నాయి. మిర్చి ఘాటుకి బండెడు జనం తుమ్ముతున్నారు. టీ అర్ధరూపాయి. మా వైపు టీ కంటే చిక్కన, తీపి ఎక్కువ. గ్లాసు చేత్తో పట్టుకుని బస్తాల దగ్గరికి వెళ్లి, చిరుగులోంచి రాలిన రెండు వడ్లగింజలు తీసి పంటితో కొరికి చూశాను. వడ్లు కనిపిస్తే నేను చేసే పని అదే.

బస్తా మీద కూర్చున్న హమాలీ గట్టిగా అన్నాడు: "ఏం సార్, గంత ఆకలైతాందా? జర ఉండుండ్రి, వండిపిస్త!"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అటుకులకి పనికొచ్చే గింజ అవునో కాదో చూస్తున్నానని చెప్పాను.

"అటుకులకా? గీ వడ్లు దంచితె నూకయితయ్. అటుకులంటె మా ఇంట్ల బెల్లమేసుకొని తింటం సార్. మొన్న గేటు బొమ్మది ఒకటి తెచ్చిన. చూసెతందుకు మల్లెపువ్వు. నోట్ల పెట్టుకుంటె ఏందో వాసన! నా పెండ్లాం నా ముఖాన కొట్టింది."

ఆ గేటు మాదేనని చెప్పలేదు. టీ సగంలోనే వదిలి బండెక్కాను. ఉత్తరంలో చదివినప్పుడు అది ఒక వర్తకుడి ఫిర్యాదు. ఇప్పుడు ఒక మనిషి, ఆయన భార్య, వాళ్ల బెల్లం.

స్టేషన్ రోడ్డు మేడ

విశ్వనాథం గారి దుకాణం కింద, ఇల్లు పైన. యాభై దాటిన మనిషి, మాట నెమ్మది. ఆయన భార్య అన్నపూర్ణమ్మ గారు కాళ్లకి నీళ్లిచ్చి, వెంటనే సర్వపిండి పెట్టారు. బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు, పచ్చిమిర్చి కలిపి, గిన్నె లోపలి గోడకి అద్ది కాలుస్తారు. గిన్నె ఆకారంలోనే ఊడివస్తుంది. పక్కన పచ్చిపులుసు. చింతపండు రసం పొయ్యి ఎక్కకుండానే విస్తట్లోకి వస్తుందంటే మా ఇంట్లో నమ్మరు. నేను మూడుసార్లు పోయించుకున్నాను.

భోజనమయ్యాక అడిగాను. "వాసన అంటున్నారు. ఎలాంటి వాసన?"

విశ్వనాథం గారు భార్య వంక చూశారు. "దవాఖాన తీర్గ," అన్నారు. అన్నపూర్ణమ్మ గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయారు.

"సార్, నేను మనిషిని జూసి సరుకు తీస్కుంట," అన్నారాయన. "మీరు మంచోళ్లు. అటుకులు మంచిగున్నయ్. కని ఖరీదుదారుకు నేనేం జెప్పాలె? ఇంకో నెల గిట్లనే ఉంటె నేను మీ సరుకు బంద్ చేస్త. తప్పుగ అనుకోకుండ్రి."

"తప్పు నాది కాదని రేపు మీరే చూస్తారు," అన్నాను.

పొద్దున లేచేసరికి కొక్కేనికి తగిలించిన నా కోటు, గొంతుదాకా గుండీలుండే బంద్‌గలా, లేదు. డాబా మీద తాడుకి వేలాడుతోంది, చేతులు రెండూ చాచి, తూర్పు ఎండకి ఎదురుగా. అతిథి దుస్తుల్ని ఎండకు వేయడం ఈ ప్రాంతపు మర్యాద కాబోలనుకుని, మావాళ్లకి చెప్పడానికి గుర్తుపెట్టుకున్నాను.

ఉప్పు కిటికీల గది

కాలేజీకి రిక్షాకి రెండు రూపాయలు. దారంతా దుమ్ము. పరీక్ష జరిగే గది అంటే నాకు పూజగదితో సమానం, అందుకని ఆవరణలో కుళాయి కింద కాళ్లూ చేతులూ కడుక్కుని, తడికాళ్లతోనే గుమ్మంలో అడుగు పెట్టాను.

"అరె, ఆగుండ్రి సాబ్, ఆగుండ్రి!" ఖాకీ చొక్కా మనిషి రెండు చేతులూ అడ్డం పెట్టాడు. ఆ గదిని చూసుకునే అటెండర్, యాకూబ్. "లోపట ఉప్పున్నది! తడితోని వస్తె మేడం నా నౌకరీ తీస్తది."

ఆ మెషీన్‌లో అద్దాల బదులు ఉప్పుతో చేసిన కిటికీలు ఉంటాయట. గాజు ఆ కాంతిని పోనివ్వదు, ఉప్పు పోనిస్తుంది. కాస్త చెమ్మ తగిలినా ఉప్పు పాడైపోతుంది. అందుకే ఆ గదికి చల్లగాలి యంత్రం, తలుపుకి రెండు తెరలు. యాకూబ్ ఇచ్చిన గుడ్డతో కాళ్లు తుడుచుకుంటూ బెంచీ మీద కూర్చున్నాను. మా ఇంట్లో కడుక్కోకపోతే తప్పు, ఇక్కడ కడుక్కుంటే తప్పు.

ఆ మేడం, సుగుణ గారికి నలభై ఏళ్లుంటాయి. నూలు చీర, మోచేతిదాకా మడిచిన తెల్లకోటు. తన తండ్రిది మగ్గమనీ, తాను కాలేజీలో చేరేదాకా నూలు కండెలు చుట్టాననీ మొదటి పరిచయంలోనే చెప్పారు, అడగకుండానే. నేను మా దివాణం గురించి చెప్పబోయి మానుకున్నాను. డబ్బా చేతికిచ్చాను. ఆవిడ మూత తీశారు. ఒక్క క్షణం ఆగి యాకూబ్ వంక చూశారు. యాకూబ్ నేల వంక చూశాడు. ఆ చూపు నాకు నచ్చలేదు.

"ఏమైనా ఉందా?" అన్నాను.

"మెషీన్ చెప్తది సార్."

మెషీన్ పెట్టెలా ఉంది, ముందు చుట్టిన కాగితం, దాని మీద కలం. సుగుణ గారు నాకు అర్థమయ్యేలా చెప్పారు. "దీంట్ల ఒక కడ్డి ఎర్రగ కాలుతది. దాంట్లకెల్లి మన కండ్లకు అగుపడని లైటు వస్తది. ఆ లైటును రెండు దార్లల పంపుతం. ఒక దార్ల మీ ఫిల్ము, ఇంకో దారి ఖాళీ. ఫిల్ము ఎక్కడెక్కడ లైటును మింగుతదో, అక్కడక్కడ కలం కిందికి దిగుతది. ఒక్కొక్క పదార్థం ఒక్కొక్క తీర్గ మింగుతది. ఎవలి చేతిరాత వాళ్లదే."

నా ఫిల్ము పెట్టే ముందు, అట్ట చట్రంలో బిగించిన మరో ఫిల్ము పెట్టారు. ఏ గీత ఎక్కడ పడాలో ముందే తెలిసిన ఫిల్ము అది. గీతలు సరైన చోట పడితేనే ఆ రోజు మెషీన్ మాట నమ్ముతారు. పరులను పరీక్షించే ముందు ప్రతిరోజూ తానే పరీక్షకు నిలబడే ఆ పద్ధతి నాకు చాలా నచ్చింది. ఆ మాట పైకే అన్నాను.

"మనుషులకు గీ ఫిల్ము దొరకది సార్," అన్నారావిడ కాగితం సరిచేస్తూ.

తర్వాత నా ముక్క. కలం నెమ్మదిగా జరిగింది. ఎడమ వైపు ఒక పెద్ద లోయ, నడుమ ఒకటి, కుడి చివర ఒకటి. మిగతాదంతా నీళ్ల మీద గాలి వీచినట్టు చిన్న చిన్న అలలు.

"పాలిథీనే. అసలు సిసలు," అన్నారు.

నేను ఒప్పుకోలేదు. "పాత ప్లాస్టిక్కు కలిపి ఉండొచ్చు. సరిగ్గా చూడండి."

ఆవిడ పెన్సిల్ కాగితం మధ్యలో పెట్టారు. "ఎండకు, గాలికి ముసలిదైన ప్లాస్టిక్కు అయితె ఈడ దిగాలె. చూడుండ్రి, సాఫున్నది. ఈ అలలున్నయ్ గదా, ఇవి ఫిల్ము మందం చెప్తయ్." అలలు లెక్కపెట్టి, పక్కన ఏదో గుణించి, నేను కంపెనీకి చెప్పిన మందమే రాసి చూపించారు. "కంపెనీది తప్పు లేదు సార్."

ఆవిడ పెన్సిల్ ఇంకా కాగితం మీంచి లేవలేదు. కుడి చివరి లోయకి కాస్త ఎడమగా ఆగింది. అక్కడ సూదిమొనలాంటి సన్నని గీత ఒకటి కిందికి దిగి ఉంది.

"ఇది పాలిథీన్‌ది కాదు," అన్నారు. ఫిల్మును నాలుగు మడతలు వేసి మళ్లీ పెట్టారు. సూది కత్తంత అయింది.

"ఏమిటది? మీరేమనుకుంటున్నారు?"

"నేను అనుకునేదానితోని మీకేం పని సార్? రేపు చెప్త." ముక్కను రెండుగా కోసి, ఒక సగం డబ్బాలో పెట్టి మూత బిగించారు. రెండో సగాన్ని పక్కగదిలో ఫ్యాను కింద దారానికి కట్టించారు.

ఖిలా వరంగల్

మర్నాడు పొద్దున్న ఊరికే కూర్చోలేక కోటకి వెళ్లాను. నాలుగు దిక్కులా నాలుగు రాతి తోరణాలు. వాటిని ఆనుకుని గోడ లేదు, తలుపు లేదు, లోపల ఇల్లు లేదు. ద్వారాలు మాత్రం నిలబడి ఉన్నాయి. మా సింహద్వారానికి ఏటా సున్నం వేయించడమే నాకు గగనం. వీటికి సున్నం అక్కర్లేదు.

తల పైకెత్తి తోరణం మీద చెక్కిన హంసల వరస చూస్తున్నాను.

"జర అవుతలికి జరుగుండ్రి సార్, మీ నీడ మిరపకాయల మీద పడ్తాంది."

కింద చాప మీద ఎర్రగా మిరపకాయలు. ఒక ముసలమ్మ వాటిని కాలితో తిరగేస్తోంది. పక్కకి జరిగి, ఇవి ఎవరి తోరణాలమ్మా అన్నాను, ఏమంటుందో విందామని.

"రాజులయి."

"వాళ్ల వంశం వాళ్లు ఎవరైనా ఉన్నారా ఇప్పుడు?"

"ఉంటె మాత్రం మిరపకాయలు ఎండబెట్టుకోరా సార్?" అంది, తల ఎత్తకుండా.

పిడికెడు మిరపకాయలు కొనుక్కున్నాను. రూపాయి అంది, బేరమాడలేదు. సుభద్ర వాటితో పచ్చడి చేసింది. మా ఊరి కాయ కంటే కారం తక్కువ, రంగు ఎక్కువ.

రెండు కాగితాలు

మధ్యాహ్నం కాలేజీకి పొడి కాళ్లతో వెళ్లాను. సుగుణ గారు అప్పటికే రెండు కాగితాలు తీసి ఉంచారు. డబ్బాలో ఉంచిన సగంలో సూది అలాగే ఉంది. ఫ్యాను గాలికి ఆరిన సగంలో లేదు.

"ఫిల్ముల పుట్టింది కాదు. బయటికెల్లి వచ్చింది, బయటికే పోయింది," అన్నారు. "రోల్స్ ఎక్కడ పెడ్తరు సార్?"

ఈ ప్రశ్నకి నాకు మంచి జవాబు ఉంది. మిల్లులో ఎలుకలు, చెమ్మ. అందుకని ఫిల్ము చుట్టల్ని ఇంట్లో అన్నిటికంటే భద్రమైన చోట ఉంచుతున్నాను. టేకు భోషాణం, మూడు తాళాలు, తాతగారి పట్టుబట్టలు ఉండే భోషాణం. ఆ బట్టల మీదనే చుట్టలు పేరుస్తాం. అంత శుభ్రంగా ఏ మిల్లువాడూ పెట్టడని చెప్పాను.

యాకూబ్ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. భుజాలు కదులుతున్నాయి.

"బట్టలల్ల ఏమేస్తరు సార్, పురుగు పట్టకుంట?"

"ఏముంది, కలరా ఉండలు. ప్రతి దసరాకీ..."

ఆ మాట నా నోట్లోంచి వచ్చాక నేనే విన్నాను.

"డాంబర్ గోలీలు!" అన్నాడు యాకూబ్ ఇక ఆగలేక. పాత రికార్డు పుస్తకాల అల్మరాలోంచి తెల్లటి ఉండ ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టాడు. సుగుణ గారు దాన్ని చిటికెడు గీకి, తెల్లటి ఉప్పుపొడిలో నూరి, అణాబిళ్లంత పలచటి బిళ్లగా నొక్కి మెషీన్‌లో పెట్టారు. కలం జరిగింది. కుడి వైపున దిగింది. ఆవిడ ఆ కాగితాన్ని నా ఫిల్ము కాగితం మీద పెట్టి, రెండూ కలిపి వరండా కిటికీ అద్దానికి ఆనించి పట్టుకున్నారు. వెనకనుంచి ఎండ. సూది మీద సూది సరిగ్గా కూర్చుంది.

నాకు ఒకటే అర్థం కాలేదు. "నీళ్లే చొరబడని దాంట్లోకి ఇది ఎలా చొరబడింది?"

"నీళ్లకు పాలిథీన్‌కు పడది. ఈ గోలీకి పాలిథీన్‌కు చుట్టరికం. గాలిల కలిసి వస్తది, ఫిల్ముల దిగి కూసుంటది, అటెనక అటుకులల్లకు పోతది. గోడ కాదు సార్ అది, సత్రం."

డబ్బా మూత తీసి నా ముఖం దగ్గర పెట్టారు. గట్టిగా పీల్చాను. ఉక్కు వాసన తప్ప ఏమీ లేదు. "నాకు రావడం లేదు," అన్నాను నిజాయతీగా.

"అల్లా!" అన్నాడు యాకూబ్, రెండడుగుల దూరంలో ముక్కు మూసుకుని.

"మీరు దాంట్లనే పుట్టి పెరిగిండ్రు సార్," అన్నారు సుగుణ గారు. ఆవిడ నవ్వలేదు. "మా అమ్మకు మగ్గం చప్పుడు వినపడది. గట్లనే."

"నిన్న మూత తీసినప్పుడే మీకు తెలిసింది కదా?"

"తెలిసింది. ముక్కు సాక్ష్యం రిపోర్టుల రాయద్దు." కాగితం తీసి కలం పట్టుకున్నారు. "ఫిల్ముల వేరే పదార్థం ఉన్నదని రాస్త. అది అబద్ధం కాదు. ఎక్కడిదో నేను రాయ, మీ ఇల్లు నేను చూడలే. చాలునా?"

ఆ వాక్యం చాలు. ఆ ఒక్క వాక్యం చేతిలో ఉంటే కంపెనీకి మరో ఉత్తరం రాయొచ్చు, విశ్వనాథం గారి ముందు తల ఎత్తి నిలబడొచ్చు, ఎవరూ నా భోషాణం తెరిచి చూడరు. చల్లగాలి యంత్రం శబ్దం ఒకటే వినిపిస్తోంది. బల్ల మీద అట్ట చట్రంలో ఆ ఫిల్ము ఉంది, రోజూ ముందుగా నిలబడేది.

"పదార్థం పేరు రాయండి," అన్నాను. "ఫిల్ము మంచిదనీ రాయండి. మా భోషాణంలో ఉంచామని నేను చెప్పినట్టు కూడా రాయండి."

ఆవిడ రాసి, కాగితం నా వైపు తిప్పారు. "మీరు చెప్పిన మాట కింద మీరే సంతకం పెట్టుండ్రి." పెట్టాను. పరీక్షకి ఏమివ్వాలని అడిగితే, అటుకులు పంపమన్నారు. "వాసన లేనివి," అన్నాడు యాకూబ్.

దుకాణంలో

నాలుగో రోజు పొద్దున విశ్వనాథం గారి దుకాణంలో, కొనేవాళ్లు నిలబడి ఉండగానే చెప్పాను. తప్పు కంపెనీది కాదు, మాది. కాగితం ఆయన చేతికిచ్చాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని మొత్తం చదివి, మడిచి నాకు తిరిగిచ్చారు.

"సార్, ఇప్పుడు నేనొక మాట జెప్తె కోపం జేయకుండ్రి."

"చెప్పండి."

"దవాఖాన వాసన అని నేనన్న. ఖరీదుదార్లు గట్ల అనలే. టాకీసుల మూత్రశాల వాసన అన్నరు, ఒక్కొక్కడు. మీ అసొంటి పెద్దమనిషికి ఆ మాట ఎట్ల రాయాలె? ఆలోచన జేసి జేసి దవాఖాన అని రాసిన."

నేను నవ్వాను. బజారులో నిలబడి పగలబడి నవ్వడం నా జీవితంలో అదే మొదలు. లోపల్నుంచి అన్నపూర్ణమ్మ గారి నవ్వు కూడా వినిపించింది. నా కోటు తెచ్చిచ్చారు. "రెండు దినాలు ఎండల ఏసిన అన్నా, ఇప్పుడు జర పక్కన కూసునేటట్టున్నది." ఆ ప్రాంతపు మర్యాద అనుకున్నది అప్పుడు అర్థమైంది. పట్టుబట్టల్ని వాసనతో పోల్చిన మల్లయ్య కూడా.

దుకాణం వెనక ఉన్న మా బస్తాలన్నీ తీయించాను. ఎద్దులకైనా పెడదామా అని అన్నపూర్ణమ్మ గారు అడిగారు. ఎవరూ తినకూడదని చెప్పి, పెరట్లో గొయ్యి తీయించి, నేనే నిలబడి పూడ్పించాను.

"ఇకనుంచి దివాణం పేరు తీసేయమంటారా?" అన్నాను.

"ఎందుకు సార్? గేటు బొమ్మ మంచిగున్నది. పోరగాండ్లు కోసి గోడకంటిస్తరు." అన్నారాయన. "ఒక్క బస్తా పంపుండ్రి. అందరి ముంగట నేనే ఇప్పుత. ముక్కు వెట్టి చూసుకొమ్మంట. ఫికర్ జేయకుండ్రి."

ఇంటి గడప

సింహద్వారం దాటి, హాలు గడప మీద కాలు పెట్టి ఆగిపోయాను. ఎవరో చేత్తో నెట్టినట్టు ఒక వాసన ముఖానికి తగిలింది. చల్లగా, ఘాటుగా, కళ్లు చెమ్మగిల్లేలా. నలభై ఏడేళ్లు ఆ ఇంట్లో బతికి, నాలుగు రోజులు బయట ఉండి వచ్చాక, మా ఇంటి వాసన నాకు మొదటిసారి వచ్చింది.

"అక్కడే నిలబడిపోయారేం?" అంది సుభద్ర.

"ఇదేం వాసన?"

"పద్దెనిమిదేళ్ల కిందట కాపురానికి వచ్చిన రోజు నేను అడిగిన మాట ఇది. దివాణం వాసన, గౌరవంగా పీల్చు అన్నారు మీరు."

రెండు రోజుల్లో మళ్లీ అలవాటైపోతుందని భయపడి, అప్పుడే భోషాణం తెరిపించాను. ఫిల్ము చుట్టల్ని విప్పి వరండాలో ఆరేయించాను, మిల్లులో తలుపులున్న అల్మరా ఒకటి చేయించాను. తాతగారి అంగరఖాని వడ్లు ఆరబోసే కళ్లంలో తాడు మీద వేశాం. అది ఆ పెట్టెలోంచి పగటి వెలుగులోకి రావడం నేను ఎప్పుడూ చూడలేదు. పదకొండు మంది పని ఆపి చుట్టూ చేరారు.

"ఇంత చిన్నదా!" అంది వాళ్లలో పెద్దావిడ.

నిజమే. తాతగారు పొట్టి మనిషి. పెట్టెలో మడత మీద ఉన్నంతకాలం నాకు తెలియలేదు.

కంపెనీకి క్షమాపణ ఉత్తరం నా చేత్తోనే రాశాను. కొత్త బస్తా విశ్వనాథం గారికి వెళ్లింది. ఆయన దగ్గర్నుంచి మూడు మాటల కార్డు వచ్చింది: వాసన లేదు, పంపండి. సుగుణ గారికి ఒక సంచి పంపాను. ఆవిడ అటుకులు ఉంచుకుని, సంచి అంచు కోసి మళ్లీ మెషీన్‌లో పెట్టారట. ఆ కాగితం టపాలో వచ్చింది.

మా హాల్లో గోడ నిండా పెద్దల పటాలు, బిరుదు పత్రాలు. వాటి వరసలో, తాతగారి పటం కింద, ఆ కాగితాన్ని అద్దం కట్టించి పెట్టాను. వచ్చినవాళ్లు ముందు దాన్నే అడుగుతారు, ఇదేం పత్రమండీ, ఎవరిచ్చారు అని. నేను దగ్గరికి తీసుకెళ్లి, కుడి చివరి లోయకి కాస్త ఎడమగా వేలు పెట్టి చూపిస్తాను.

"ఇక్కడ చూడండి. ఏమీ లేదు."